అక్క ఇచ్చిన లిస్టు

2023 వేసవిలో ఒక సాయంత్రం మా మేనకోడలు హైదరాబాదు నుంచి ఫోన్‌కి ఒక లింకు పంపింది. వాళ్ళ నాన్నకి, అంటే మా బావకి, షష్టిపూర్తి దగ్గరపడుతోంది. "మావయ్యా, నాన్నకి ఇష్టమైన పాటలన్నీ ఒకచోట చేర్చాను. విని ఎలా ఉందో చెప్పు" అంది. తెరిచి చూద్దును కదా, 212 పాటలు! మొత్తం పదిహేను గంటల పైచిలుకు. ఘంటసాల పక్కన దేవిశ్రీ ప్రసాద్, ఆయన పక్కన అన్నమయ్య కీర్తన, దాని వెనకాలే ఓ ఐటం సాంగు.

"అమ్మలూ, ఇది లిస్టు కాదే, గోడౌను" అన్నాను.

దానికి రోషం వచ్చింది. "షఫుల్ పెట్టుకుంటే ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది కదా, నీకేంటి బాధ?" అంది. బాధే మరి. నా వయసులో పదకొండేళ్ళు పాటల్ని వరసలో పెట్టడానికే ఖర్చయ్యాయి.

1987లో నాకు పంతొమ్మిదేళ్ళు. ఇంటర్ తప్పి, అమలాపురం గడియార స్తంభం దగ్గర ఒక రికార్డింగ్ షాపులో కుదిరాను. షాపంటే ఇద్దరు నిలబడితే మూడోవాడు బయట ఉండాల్సిన గది. రెండు డెక్కులు, ఒక రికార్డు ప్లేయరు, గోడల నిండా అరలు, అరల నిండా ఎల్పీలూ క్యాసెట్లూ. జనం తెల్లకాగితం మీద పాటలు రాసుకొచ్చి ఇచ్చేవారు. మేం వాటిని ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చేవాళ్ళం. సిక్స్టీ అయితే పక్కకి అరగంట, నైంటీ అయితే ముప్పావుగంట. వన్‌ట్వంటీలు కూడా దొరికేవి గానీ మా ఓనరు గారు వాటిని షాపులోకి రానిచ్చేవారు కాదు. అదే డబ్బాలో పక్కకి గంటసేపు పట్టాలంటే టేపు పలచగా చెయ్యాలి. పలచటి టేపు రోలరుకి చుట్టుకుంటుంది. అప్పుడు పెన్సిలు పెట్టి తిప్పుకుంటూ కూర్చోవలసింది నేనే.

చట్టం లెక్కన మేం చేసేది తప్పు. 1957 నాటి కాపీరైటు చట్టాన్ని 1984లో సవరించి శిక్షలు కూడా పెంచారు. మాకు తెలియదంటే అబద్ధం. తెలిసీ చేశాం, ఊరూరా అదే జరిగేది.

క్యాసెట్‌ని 1963లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో ఫిలిప్స్ కంపెనీ బయటపెట్టింది. దాన్ని తయారుచేసిన బృందానికి లౌ ఓటెన్స్ అనే డచ్చి ఇంజినీరు పెద్ద. తన కోటు జేబులో పట్టేంత చెక్కముక్క ఒకటి కోయించి, టేప్ రికార్డరు దీనికి మించకూడదన్నాడట. ఆ జేబు కొలతే తరవాత మా బతుకులకీ కొలతయింది. టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. సెకనుకి 4.76 సెంటీమీటర్ల చొప్పున హెడ్డు ముందు నుంచి జారిపోతుంది. నైంటీ క్యాసెట్‌లో ఉండేది సుమారు 130 మీటర్ల టేపు. మన సినిమా పాట నాలుగు నాలుగున్నర నిమిషాలు. లెక్కేస్తే పక్కకి పది పాటలు. పదకొండోది పట్టదు. కాగితం మీద ముప్ఫై పాటలు రాసుకొచ్చిన మనిషి కౌంటరు ముందు నిలబడి, నా పెన్ను పుచ్చుకుని, తన ప్రాణంలాంటి పది పాటలు తనే కొట్టెయ్యాలి. ఆ కొట్టివేతల్లో మనుషులు బయటపడేవారు. ఒకాయన భార్యకి ఇష్టమైన పాటలన్నీ ముందు కొట్టేసి, గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి రెండు రాసిచ్చాడు.

ఎవరు వింటారు, ఎక్కడ వింటారు? మా ఓనరు గారు లిస్టు చూడకముందే అడిగే మాట ఇదే. కాకినాడ నుంచి సరుకు వేసుకెళ్ళే లారీ డ్రైవరు ఒకడు నెలకోసారి వచ్చేవాడు. "రాత్రి రెండు నుంచి నాలుగు దాకా నిద్ర రాకూడదు గురూగారూ, జోలపాటలు తగిలించొద్దు" అనేవాడు. వాడి క్యాసెట్‌లో రెండు మెల్లటి పాటలు పక్కపక్కన పడితే మళ్ళీ వాడు కనపడే దాకా మాకు భయం. కుట్టు మిషను పెట్టుకున్నావిడకి ఎక్కడికక్కడ వదిలేసి మళ్ళీ అందుకునేలా, చెవి అప్పగించి వినక్కర్లేని పాటలు కావాలి. ఒక కుర్రాడు మాత్రం సిక్స్టీ తెచ్చి రెండు పక్కలా ఒకటే పాట ఎక్కించమన్నాడు. పద్నాలుగుసార్లు పట్టింది. ఏమిటని అడగలేదు. ఎవరింట్లోనన్నా మనిషి పోతే ఏ అర్ధరాత్రో వచ్చి తలుపు కొట్టేవారు, ఘంటసాల భగవద్గీత కోసం. దానికి లిస్టు అక్కర్లేదు.

ఇక మా అక్క సంగతి.

ఆ ఏడాదే బావ మస్కట్ వెళ్ళాడు, ఎలక్ట్రీషియను పనికి. కోనసీమ నుంచి అప్పటికే వీధికొకరు గల్ఫ్‌లో ఉండేవారు. ఫోను చెయ్యాలంటే ట్రంకాలు, ఉత్తరం చేరాలంటే వారాలు. అందుకని క్యాసెట్లో మాటలు రికార్డు చేసి, వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపేవారు. అక్క ఏడాది పిల్లని చంకనేసుకుని షాపుకొచ్చి నైంటీ క్యాసెట్, నలభై పాటల కాగితం నా ముందు పెట్టింది.

"ఇందులో సగం ఏడుపు పాటలే ఉన్నాయి కదే" అన్నాను.

"అయితే అవి తీసెయ్. అక్కడ గదిలో ఆరుగురు ఉంటారంట. అందరి ముందూ ఈయన కళ్ళు తుడుచుకుంటే బాగోదు."

గదిలో ఉన్న ఆరుగురూ ఆ క్యాసెట్ వింటారన్న ఊహ నాకు తట్టనే లేదు. అక్కకి తట్టింది. వాళ్ళలో ఒకతను మలయాళీ అని బావ ఉత్తరంలో రాశాడట. అతని కోసం మేఘసందేశంలోంచి ఏసుదాసు పాట ఒకటి పెట్టించింది. 1982లో వచ్చిన ఆ సినిమాకి ఏసుదాసుకి జాతీయ అవార్డు వచ్చింది. భాష తెలియకపోయినా గొంతు తెలుస్తుంది కదా అంది. పెద్ద వయసాయన ఒకాయన ఉన్నాడని మల్లీశ్వరి, మాయాబజార్‌లకి చోటిచ్చింది. మిగతావి శంకరాభరణం, సాగరసంగమం, సితార, అన్వేషణ, ఆ ముందు ఏడాదే వచ్చిన స్వాతిముత్యం, సిరివెన్నెల.

వరస కూడా తనే చెప్పింది. "మొదటి పాట ఎవరూ సరిగ్గా వినరు. సౌండు సర్దుకుంటూ, టీ గ్లాసులు వెతుక్కుంటూ ఉంటారు. మంచిది రెండోదిగా పెట్టు." పదకొండేళ్ళలో నేను నేర్చుకున్న పనిలో దీన్ని మించిన సూత్రం లేదు. ఇవాళ్టికీ ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను.

మిగిలిన కిటుకులు చేతిపని నేర్పినవి. క్యాసెట్ మొదట్లో అయిదారు సెకన్ల పాటు పూత లేని తెల్లటి తోక ఉంటుంది. దాని మీద ఏమీ ఎక్కదు. వేలితో తిప్పి అది దాటించాకే బటన్ నొక్కాలి, లేకపోతే మొదటి పాట మధ్యలోంచి పుట్టినట్టు వస్తుంది. పాత రికార్డులో ఘంటసాల గొంతు సన్నగా, దూరంగా ఉంటుంది. ఇళయరాజా పాటలో బేసు గిటారు గది ఊపేస్తుంది. రెంటినీ ఒకే మట్టంలో ఎక్కిస్తే, వినేవాడు పాటపాటకీ లేచి వాల్యూము తిప్పుకుంటూ ఉండాలి. అందుకని డెక్కు మీద ముల్లు చూస్తూ పాతదాన్ని పెంచి, కొత్తదాన్ని తగ్గించి ఎక్కించేవాళ్ళం. ఇప్పుడు ఫోను యాప్‌లలో ఈ పని చేసే సెట్టింగు ఒకటి ఉంటుంది. చాలామంది దాని జోలికి పోరు.

ఇంకోటి శ్రుతి. నాకు సంగీతం రాదు, కానీ చెవికి కొన్ని తెలుస్తాయి. మాయాబజార్‌లో పడవ పాట మోహనలో సాగి ఆగాక, ఆ శ్రుతి ఇంకా గదిలో తిరుగుతూ ఉంటుంది. దానికి అరమెట్టు పైన ఉన్న పాట వెంటనే అందుకుంటే ఎవరో తప్పు పాడుతున్నట్టు అనిపిస్తుంది. తప్పు ఎవరిదీ కాదు, పక్కపక్కన పెట్టినవాడిది. మధ్యలో తబలాతోనో డప్పుతోనో మొదలయ్యే పాట పడేస్తే చెవి తుడిచినట్టవుతుంది. పాటకీ పాటకీ మధ్య మూడు సెకన్లు వదలాలి. బరువైన పాట తరవాత అయిదు. విజయవాడ వివిధభారతిలో జనరంజని వినేవాళ్ళకి ఈ ఖాళీ తెలియదు, ఎందుకంటే అందులో ఊళ్ళ పేర్లూ మనుషుల పేర్లూ చదివేవారు. క్యాసెట్‌లో ఆ పేర్ల చోటు నిశ్శబ్దానిది.

బీ సైడులో ఎనిమిది పాటలకే ఆపి చివరి పది నిమిషాలు ఖాళీగా ఉంచమంది అక్క. ఇంటికెళ్ళి టేప్ రికార్డరు మైకులో తను మాట్లాడింది. ఏం మాట్లాడిందో నేను అప్పుడు వినలేదు. తిరిగి తెచ్చిచ్చి, వెనక అంచున రెండు ప్లాస్టిక్ రెక్కలుంటాయే, అవి విరిచెయ్యమంది. అవి విరిస్తే దాని మీద మళ్ళీ రికార్డు చెయ్యడం కుదరదు. "లేకపోతే మీ బావ దీని మీదే జవాబు మాట్లాడి పంపిస్తాడు. పొదుపు మనిషి."

నేను చేసిన ఘనకార్యం ఏ సైడు చివర్లో ఉంది. డెక్కు మీద మూడంకెల కౌంటరు ఉంటుంది. మొదటి పది నిమిషాలకి అంకె ఎంత తిరిగిందో చూసి, దాన్ని నాలుగున్నరతో హెచ్చవేసి, పక్క పూర్తయ్యేసరికి ఇంత రావాలని లెక్కగట్టాను. ఆ కౌంటరు కాలాన్ని లెక్కపెట్టదు, చుట్టుకునే చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెడుతుంది. మొదట్లో చుట్ట సన్నగా ఉంటుంది కాబట్టి చక్రం గబగబా తిరుగుతుంది. టేపు చేరేకొద్దీ చుట్ట లావెక్కి చక్రం నెమ్మదిస్తుంది. నా లెక్కలో ఇంకా బోలెడు టేపు ఉంది. డెక్కులో లేదు. అన్వేషణలో బాలు, జానకి పాడిన పాట రెండో చరణం మొదటి పాదం దగ్గర టక్కున ఆగిపోయింది. చేరి ఆర్నెల్లు కూడా కాని పనివాడిని. ఆ రాత్రే బొంబాయి బండెక్కే మనిషి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చెరిపి సరిచేసే వ్యవధి లేదు. ఎవరికీ చెప్పకుండా డబ్బాలో పెట్టి ఇచ్చేశాను.

బావ ఆరేళ్ళున్నాడు మస్కట్‌లో. ఆ క్యాసెట్ కూడా ఆయనతోనే ఉంది.

ఆ తరవాతి కథ అందరికీ తెలిసిందే, ఎక్కువ చెప్పను. 1998లో మా షాపు మూతపడింది. సీడీలొచ్చాయి. 700 ఎంబీల సీడీలో ఎంపీ3 పాటలు నూట యాభై దాకా పట్టేవి. ఆ మీదట ఫోన్లో వేసే చిప్పు, అందులో వందలు. సెల్ షాపుకెళ్ళి "కొత్తవీ పాతవీ కలిపి నింపెయ్" అంటే కుర్రాడు నిమిషంలో నింపి ఇచ్చేవాడు. కొట్టెయ్యాల్సిన అవసరం పోయింది. దాంతో లిస్టు రాసే అవసరమూ పోయింది. నేను దీన్ని తిట్టడం లేదు. పాటలు చవకయ్యాయి, బీదవాడికీ అందాయి. కానీ చిప్పు నిండా పాటలున్నవాడు ఇంకొకడికి ఇచ్చింది ఏమిటంటే చిప్పు, అంతే.

ఇదంతా ఫోన్లో మేనకోడలికి చెప్పలేదు లెండి. "మీ అమ్మ బీరువాలో పైఅరలో ఒక క్యాసెట్ ఉంటుంది, వెతికి కొరియర్ చెయ్యి" అన్నాను. మూడో రోజుకి వచ్చింది. లోపల అట్ట మీద అక్క దస్తూరి, నీలం సిరా, పాటల బదులు సినిమా పేర్లూ అంకెలూ. పెట్టి చూస్తే గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది. విప్పి చూశాను. టేపుని హెడ్డుకి ఒత్తి పట్టే చిన్న ఉన్ని మెత్త ఒకటి ఉంటుంది, దాని జిగురు ఎండి ఊడిపోయింది. ఆ పెంకుకి అయిదు మరలు. ఇంకో పాత క్యాసెట్ మరలూ విప్పి, దాని పెంకులోకి ఈ చుట్టలు రెండూ మార్చాను. పాతికేళ్ళ తరవాత చేసినా చేతులు మర్చిపోలేదు. ప్లేయరు ఇయర్‌ఫోను రంధ్రం నుంచి లాప్‌టాప్‌లోకి తీగ పెట్టి మొత్తం ఎక్కించుకున్నాను.

ఒక చోట ఆగి రెండుసార్లు విన్నాను. పాట మొదలవడానికి కాస్త ముందు, ఆ మూడు సెకన్ల ఖాళీలో, అదే పాట చీమ పాడినంత సన్నగా వినిపించింది. ఏళ్ళ తరబడి కదలకుండా ఉంటే చుట్టలో ఒక పొర మీది అయస్కాంతపు ముద్ర పక్క పొరకి అంటుకుంటుంది. కారణం నాకు తెలుసు. తెలిసినా ఒళ్ళు జలదరించింది.

అట్ట మీది లిస్టు ఫోటో తీసి మేనకోడలికి పంపాను. "212 పక్కన పెట్టు. ఇదే వరసలో ఈ 18 పాటలు వెతుకు." పదహారు యాప్‌లో దొరికాయి. రెండు దొరకలేదు, ఆ రెండూ క్యాసెట్ నుంచి తీసినవే వాడాం, రికార్డు గీతల చిటపటలతో సహా. బీ సైడు చివరి పది నిమిషాలు యాప్‌లో ఎలాగూ ఉండవు కాబట్టి లింకు పంపే ఆలోచన మానేసి, దొరికిన పాటలు కొని అన్నీ పెన్ డ్రైవ్‌లో వేశాం. ఇక్కడ ఒక మాట, ఎవరికైనా పనికొస్తుంది. చాలా కార్లలో ప్లేయరు ఫైళ్ళ పేర్ల వరసలో పాడుతుంది, మనం అనుకున్న వరసలో కాదు. పేరు ముందు 01, 02 అని అంకెలు వెయ్యాలి. ఉత్త 1, 2 అని వేస్తే కొన్నిట్లో 1 తరవాత 10 పాడుతుంది.

"అన్వేషణ పాట పూర్తిది వెయ్యనా, తెగిపోయిందే వెయ్యనా?" అని అడిగింది. పూర్తిదే వెయ్యమన్నాను. నా తప్పు దిద్దుకునే అవకాశం ముప్ఫై ఆరేళ్ళకి దొరికింది, ఊరుకుంటానా?

మేనకోడలు ఒక్క పాట మాత్రం తనది చేర్చుకుంటానంది, ఎవరో కొత్త కుర్రాడి పాట. వద్దన్నాను. "నువ్వు బీ సైడు చివర్లో ఉన్నావు కదే" అన్నాను. దానికి అర్థం కాలేదు. తనకి ఆ ఫైలు వినిపించలేదు నేను, "బీ9" అని పేరు పెట్టి ఊరుకున్నాను. విన్నవాణ్ణి నేనొక్కణ్ణే. సీలింగు ఫ్యాను చప్పుడు, వీధిలో ఐసు బండి గంట, అక్క గొంతు, నడుమ నడుమ ఏడాది పిల్ల ఊకొట్టడం.

షష్టిపూర్తికి ముందు రోజు మధురపూడి విమానాశ్రయంలో దిగారు. నేను అమలాపురం నుంచి కారు తీసుకుని ఎదురెళ్ళాను. మేనకోడలి మొగుడు బండి తోలాడు, బావ ముందు సీటులో, మేం ముగ్గురం వెనక. పెన్ డ్రైవ్ ముందే పెట్టేశాను. ఎవరూ ఏమీ చెప్పలేదు. మొదటి పాటని, అక్క అన్నట్టే, ఎవరూ పట్టించుకోలేదు. సీటు బెల్టులూ, నీళ్ళ సీసాలూ, ఏసీ ఎటు తిప్పాలనీ. రెండో పాట మొదలవగానే బావ మాట ఆపాడు. మూడో పాట ఇంకా అందుకోకముందే, ఆ ఖాళీలోనే, దాని పల్లవి కూనిరాగం తీశాడు. అక్క నా వైపు చూసి, కిటికీలోంచి బయటికి చూసింది.

జొన్నాడ దాటి గౌతమి వంతెన ఎక్కేసరికి పదో పాట నడుస్తోంది. కింద ఇసుక తిన్నెలు, అవతల రావులపాలెం అరటి తోటలు. మొదటి చరణం అయింది. మళ్ళీ పల్లవి, ఆ వెనక వాయిద్యాలు. రెండో చరణం మొదటి పాదం వచ్చింది. బావ కుడిచెయ్యి దానంతటదే లేచి, క్యాసెట్ తిప్పి పెట్టడానికన్నట్టు డాష్‌బోర్డు దాకా వెళ్ళి, అక్కడ తియ్యడానికేమీ లేక గాల్లో ఉండిపోయింది. పాట సాగిపోతోంది.

వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

"ఏరా, ఇది ఇక్కడ ఆగిపోవాలి కదా?"